లౌటర్‌బ్రునెన్ జలపాతాలకి ఒక్కరోజు ట్రిప్: అందరూ అడిగే ప్రశ్నలు

నేను స్విట్జర్లాండ్‌లో బాజెల్‌లో ఉంటాను. ఎండాకాలం మొదలైందంటే చాలు, ఎవరో ఒకరు "అన్నా, ఈ శనివారం ఆ జలపాతాల లోయకి వెళ్దామా" అని మెసేజ్ పెడతారు. జర్మనీలో ఎమ్మెస్ చేసే పిల్లలు, జ్యూరిక్‌లో ఉద్యోగాలు చేసే మావాళ్లు, మూడు నెలల వీసా మీద వచ్చిన ఎవరో ఒకరి అమ్మానాన్నలు. ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ అవే. వాట్సాప్‌లో టైప్ చేసి చేసి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసి పెట్టాను.

అసలు ఈ లోయ ఎక్కడుంది?

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ రాష్ట్రంలో, ఇంటర్లాకెన్ ఊరికి దక్షిణంగా. ఇంటర్లాకెన్ అంటే మనవాళ్లకి కొత్త చెప్పక్కర్లేదు. హిందీ సినిమా దర్శకుడు యశ్ చోప్రా విగ్రహం పెట్టుకున్న ఊరు అది. అక్కడి నుంచి చిన్న రైలెక్కితే ఇరవై నిమిషాల్లో లౌటర్‌బ్రునెన్‌లో దిగుతారు. పేరు పలకడానికి భయపడకండి, లౌటర్ - బ్రునెన్ అని విడగొట్టి అంటే చాలు. బ్రునెన్ అంటే ఊట, చెలమ. లౌటర్ అంటే తేట అని ఒక అర్థం. 1240 నాటి లాటిన్ పత్రంలో కూడా ఈ చోటుని 'తేట ఊట' అనే అర్థం వచ్చేలా రాశారు. మన పల్లెటూళ్లలో అయితే తేటచెలమ అని పేరు పెట్టేవాళ్లేమో.

ఊరు సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే మన అరకు కన్నా కాస్త కిందే. చుట్టూ మంచుకొండలు కనిపిస్తాయి కాబట్టి ఊపిరి ఆడదేమోనని కొందరికి టెన్షన్. అలాంటిదేమీ ఉండదు.

72 జలపాతాలని ఇన్‌స్టాలో రాస్తారు. నిజంగా అన్ని ఉన్నాయా?

72 అనే అంకె పాతదే, అక్కడివాళ్లూ అదే చెప్పుకుంటారు. కానీ మీరు వేళ్లు మడుస్తూ లెక్కపెడితే పది పన్నెండు దగ్గర ఆగిపోతారు. మిగతావి మంచు కరిగేటప్పుడో, గట్టి వాన పడ్డ మర్నాడో కొండగోడ మీద తెల్ల దారాల్లా వేలాడి, రెండు రోజులకి మాయమవుతాయి. ఒకసారి జూన్‌లో రాత్రంతా వాన కురిసి తెల్లారి ఆగిన రోజు వెళ్లాం. బస్సులో కూర్చున్న అరగంటలో ముప్ఫై దాకా లెక్కపెట్టి ఇక వదిలేశాం. అదే అక్టోబర్‌లో వెళ్తే ఐదారుకి మించి కనిపించలేదు.

చూడాల్సినవి మూడు: ష్టౌబ్‌బాఖ్, ట్రుమెల్‌బాఖ్, మ్యూరెన్‌బాఖ్. బాఖ్ అంటే వాగు. ఆ మూడూ తీరిగ్గా చూస్తే రోజు నిండిపోతుంది.

ఇన్ని జలపాతాలు ఒక్కచోటే ఎందుకు?

మన కుంతాల, ఎత్తిపోతల దగ్గర ఏరు నడుస్తూ నడుస్తూ ఒకచోట బండరాళ్ల మీంచి కిందికి పడుతుంది. ఇక్కడ కథ వేరు. మంచుయుగంలో ఈ లోయ నిండా హిమానీనదం ఉండేది. వందల మీటర్ల మందం మంచు కిందికి జారుతూ జారుతూ కొండల్ని రెండు పక్కలా నిలువుగా చెక్కేసింది. పక్కనుంచి వచ్చి కలిసే చిన్న హిమానీనదాలకి అంత లోతు తవ్వే బలం లేదు. మంచు కరిగాక పెద్ద లోయ అడుగున మిగిలింది, చిన్న లోయలు పైనే వేలాడుతూ ఉండిపోయాయి. ఆ చిన్న లోయల్లోని వాగులన్నీ ఇప్పుడు అంచుదాకా వచ్చి, దారి లేక దూకేస్తున్నాయి.

లోయ మధ్యలో నిలబడితే ఇది కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. నేల బల్లపరుపుగా ఉంటుంది, రెండు పక్కలా గోడలు నిటారుగా లేస్తాయి, ఇంగ్లీషు యు అక్షరంలా. వెడల్పు ఒక కిలోమీటరు అటూ ఇటూ.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

నన్నడిగితే మే చివరి వారం నుంచి జూన్ ఆఖరు దాకా. కారణం ఉంది. ష్టౌబ్‌బాఖ్‌కి నీళ్లు పైన ఉన్న మంచు కరిగితేనో, వాన పడితేనో వస్తాయి. దానికి హిమానీనదం అండ లేదు. అందుకే వసంతంలో బలంగా ఉండి, ఆగస్టు ఎండలకి పల్చబడి, శరదృతువులో గాలికి ఊగే పోగులా అయిపోతుంది. ట్రుమెల్‌బాఖ్ దీనికి సరిగ్గా తలకిందులు. అది హిమానీనదాల నీరు కాబట్టి ఎండ ఎంత కాస్తే అంత పొంగుతుంది. జూన్‌లో రెండూ కలిసొస్తాయి.

డిసెంబర్, జనవరిల్లో వెళ్దామంటే వద్దనే అంటాను. ట్రుమెల్‌బాఖ్ నవంబర్ మొదట్లో మూసేసి ఏప్రిల్‌లో తెరుస్తారు. ష్టౌబ్‌బాఖ్ పైకి వెళ్లే దారి కూడా మంచు పెళ్లలు ఊడి పడతాయని చలికాలంలో మూసేస్తారు. పైగా గోడలు అంత ఎత్తున ఉండటంతో లోయలోకి ఎండ వచ్చేది కాసేపే.

రైల్లో ఎలా వెళ్లాలి?

జ్యూరిక్ నుంచైనా బాజెల్ నుంచైనా ఇంటర్లాకెన్ ఓస్ట్‌కి సుమారు రెండు గంటలు. ఓస్ట్ అంటే తూర్పు. ఇంటర్లాకెన్‌లో వెస్ట్ అని ఇంకో స్టేషన్ ఉంది, అక్కడ దిగకండి. ఓస్ట్‌లో దిగి లౌటర్‌బ్రునెన్ రైలు ఎక్కాలి. అరగంటకొకటి ఉంటుంది.

ఇక్కడే అసలు తిరకాసు. ఆ రైలు నిజానికి రెండు రైళ్లు. గ్రిండెల్‌వాల్డ్ వెళ్లేదీ, లౌటర్‌బ్రునెన్ వెళ్లేదీ ఒకదానికొకటి కట్టి బయల్దేరతాయి. ట్స్వైల్యూచినెన్ అనే చిన్న స్టేషన్‌లో విడదీసి చెరో లోయలోకి పంపిస్తారు. ఒకసారి మేం ఏడుగురం వెళ్లాం. చివరి నిమిషంలో పరుగెత్తుకొచ్చి దొరికిన తలుపులో దూరాం. నలుగురం ఒక పెట్టెలో, ముగ్గురు ఇంకో పెట్టెలో. ట్స్వైల్యూచినెన్‌లో రైలు ఆగింది, ఒక చిన్న కుదుపు, మళ్లీ కదిలింది. కిటికీలోంచి చూస్తే మావాళ్లు ముగ్గురూ ఎడమపక్క లోయలోకి వెళ్లిపోతున్నారు. ఒకడు చెయ్యి కూడా ఊపాడు. వాడికింకా అర్థం కాలేదు. పులిహోర డబ్బాలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. వాళ్లు వెనక్కొచ్చి మమ్మల్ని కలిసేసరికి గంటన్నర పట్టింది.

కాబట్టి ప్లాట్‌ఫారం మీద బోర్డు చూడండి. ఏ సెక్టార్‌లో ఏ ఊరి పెట్టెలు ఆగుతాయో అక్షరాలతో సహా రాసి ఉంటుంది. ఎక్కాక కూడా పెట్టెలోని స్క్రీన్ మీద లౌటర్‌బ్రునెన్ అని ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి.

ఖర్చు ఎంతవుతుంది?

స్విట్జర్లాండ్‌లో మామూలు టికెట్ కౌంటర్ ధరకి కొంటే గుండె గుభేల్‌మంటుంది. సేవర్ డే పాస్ అని ఒకటుంది. ఆ రోజంతా దేశంలో దాదాపు అన్ని రైళ్లూ, బస్సులూ ఎక్కొచ్చు. చాలా ముందుగా కొంటే 52 ఫ్రాంకుల నుంచి దొరుకుతుంది, హాఫ్ ఫేర్ కార్డు ఉంటే 29 నుంచి. ప్రయాణం దగ్గరపడే కొద్దీ ధర ఎగబాకుతుంది. శుక్రవారం రాత్రి మేల్కొని శనివారానికి కొంటే ఆ చవక ధర కలలో మాట. లోయలో తిరిగే బస్సుకి కూడా ఇదే పాస్ పనికొస్తుంది.

ట్రుమెల్‌బాఖ్ టికెట్ వేరే, మనిషికి పదిహేను ఫ్రాంకుల దరిదాపుల్లో ఉంటుంది. అది ప్రైవేటు చోటు కాబట్టి రైలు పాసులు చెల్లవు. ష్టౌబ్‌బాఖ్ ఉచితం. తిండి ఇంటి నుంచి తెచ్చుకుంటే ఇంతకు మించి ఖర్చు లేదు.

జర్మనీ నుంచి వచ్చే స్టూడెంట్స్‌కి ప్రత్యేకంగా ఏమైనా చెప్తారా?

మూడు సంగతులు. మొదటిది, మీ డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ నెలవారీ పాస్) బాజెల్ బాడిషర్ బాన్‌హోఫ్ స్టేషన్ దాకానే. ఆ స్టేషన్ ఉన్నది స్విస్ గడ్డ మీదే అయినా అక్కడిదాకా చెల్లుతుంది, ఆ తర్వాత స్విస్ టికెట్ ఉండాల్సిందే. ఇది తెలియక అదే టికెట్ మీద కూర్చుని చెకింగ్‌లో దొరికిపోయి ఫైన్ కట్టిన తమ్ముళ్లు నాకు ఇద్దరు తెలుసు.

రెండోది ఫోన్. యూరోపియన్ యూనియన్‌లో రోమింగ్ ఫ్రీ అని మనకి అలవాటైపోయింది. స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు. కొన్ని ప్లాన్లలో కలిపి ఇస్తారు, చాలావాటిలో ఇవ్వరు. సరిహద్దు దాటకముందే డేటా ఆపేసి, మ్యాప్‌నీ టికెట్‌నీ ఫోన్లో దించుకోండి.

మూడోది, పాస్‌పోర్టూ రెసిడెన్స్ పర్మిట్ కార్డూ రెండూ జేబులో ఉండాలి. స్విట్జర్లాండ్ కూడా షెంగెన్ వీసా దేశాల్లో ఒకటి కాబట్టి వేరే వీసా అక్కర్లేదు, కానీ రైల్లో పోలీసులు అడగొచ్చు. ఫోటో చూపిస్తానంటే కుదరదు.

కారులో వెళ్తే?

వెళ్లొచ్చు. హైవే ఎక్కాలంటే విన్యెట్ అనే 40 ఫ్రాంకుల హైవే పర్మిట్ కావాలి, ఏడాదంతా చెల్లుతుంది. కానీ వేసవి శనివారాల్లో లౌటర్‌బ్రునెన్‌లో పార్కింగ్ దొరకడం బ్రహ్మోత్సవాలప్పుడు తిరుమలలో రూము దొరకడం లాంటిది. ఉన్నది ఒకే ఒక్క సన్నని రోడ్డు. కార్లో వచ్చేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము వసూలు చేద్దామా అని 2024లో ఆ ఊరివాళ్లు ఆలోచించారంటే, వాళ్లు ఎంత విసిగిపోయి ఉంటారో చూడండి. నలుగురు కలిసి కారులో వస్తే డబ్బులు మిగలొచ్చు, మనశ్శాంతి మాత్రం మిగలదు.

రోజంతా ఎలా ప్లాన్ చేసుకోవాలి?

పొద్దున్న ఏడింటిలోపు ఇంట్లోంచి కదలండి. తొమ్మిదిన్నర, పదికల్లా లౌటర్‌బ్రునెన్‌లో ఉండాలి. ముందు ష్టౌబ్‌బాఖ్. అది పడమటి గోడ మీద ఉంది, అంటే తూర్పు ముఖం. పొద్దుటి ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. సూర్యుడు మన వీపు వెనకుంటే తుంపరలో ఇంద్రధనస్సు కనిపిస్తుంది. మధ్యాహ్నం దాటి వచ్చి "ఫోటోలో కనిపించినంత లేదే" అని పెదవి విరిచేవాళ్లు ఈ సంగతి తెలియనివాళ్లే.

తర్వాత లోయ అడుగున నడుచుకుంటూ ట్రుమెల్‌బాఖ్‌కి. మూడు కిలోమీటర్లు, ముప్పావు గంట. దారి చదునుగా ఉంటుంది. పక్కన ల్యూచినె ఏరు, గడ్డిమైదానాలు, ఆవుల మెడగంటలు. ఈ నడకని తప్పించుకుని బస్సెక్కేవాళ్లంటే నాకు జాలి. జలపాతం దగ్గర నిలబడి చూసేది పది నిమిషాలు. ఈ దారిలో నడుస్తుంటే మలుపు తిరిగినప్పుడల్లా ఇంకో తెల్లగీత గోడ మీద ప్రత్యక్షమవుతుంది. నామటుకు నాకు ట్రిప్ అంటే ఈ ముప్పావు గంటే.

ట్రుమెల్‌బాఖ్ చూసి, భోంచేసి, 141 నంబరు బస్సెక్కి ష్టెఖెల్‌బెర్గ్ వైపు వెళ్లండి. అక్కడ రోప్‌వే స్టేషన్ దగ్గర తల పైకెత్తితే మ్యూరెన్‌బాఖ్. 417 మీటర్లు, స్విట్జర్లాండ్‌లోకెల్లా ఎత్తైనదని చెప్తారు. ఒక్క దూకుగా కాకుండా గోడని పట్టుకుని మెట్లుమెట్లుగా జారుతుంది కాబట్టి అంత ఎత్తని కంటికి అనిపించదు. ఓపికుంటే తిరుగు దారి కూడా నడవండి, లేకపోతే అదే బస్సు.

ష్టౌబ్‌బాఖ్ వెనక్కి వెళ్లొచ్చటగా?

వెళ్లొచ్చు. ఊళ్లోంచి పావుగంట నడక, చివర్లో ఎక్కుడు. కొండలో తొలిచిన చిన్న చీకటి సొరంగంలో మెట్లుంటాయి, ఆపైన రాతి అంచు వెంట కట్టిన దారి. అక్కడ నిలబడితే నీళ్లు మీ ముందునుంచి కిందికి పడుతుంటాయి.

ఒక మాట చెప్తాను, తిట్టుకోకండి. పైకెక్కాక కొంచెం నిరాశ తప్పదు. ష్టౌబ్ అంటే ధూళి. 297 మీటర్లు గాల్లో పడుతూ పడుతూ నీరు నీరులా ఉండదు, ధూళి అయిపోతుంది, అందుకే ఆ పేరు. మన తలకోన 82 మీటర్లు, అలాంటివి మూడు ఒకదాని మీద ఒకటి పేర్చినా దీనంత కాదు. దగ్గరికి వెళ్తే ఆ ఎత్తు కనిపించదు, మొహాన తుంపర మాత్రం పడుతుంది. కింద చర్చి దగ్గర రోడ్డు మీద ఆగి చూడండి. పై అంచు దాటిన నీళ్లు ముద్దగా విడివడతాయి. ఏకిన దూది గాల్లోకి వదిలినట్టు, ఆ ముద్ద మెల్లగా విచ్చుకుంటూ దిగుతుంది. గాలి వీస్తే మొత్తం పక్కకి జరిగి, కాసేపు నేలని తాకదు కూడా. అందులో ఒక ముద్దని ఎంచుకుని పైనుంచి కిందిదాకా కళ్లతో వెంబడించండి. అంత నెమ్మదిగా పడుతుందా అని ఆశ్చర్యమేస్తుంది.

ట్రుమెల్‌బాఖ్‌కి డబ్బులు పెట్టడం దండగా?

ముమ్మాటికీ కాదు. ఈ ట్రిప్‌లో ఒక్కదానికే డబ్బు పెట్టమంటే దీనికే పెడతాను.

ఇది కొండ లోపల ఉంది. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ అనే మూడు శిఖరాల మీద కరిగిన హిమానీనదాల నీరు ఇక్కడికి చేరి, రాతిని తొలుచుకుంటూ పది జలపాతాలుగా దిగుతుంది. సుమారు 24 చదరపు కిలోమీటర్ల కొండ ప్రాంతం నుంచి వచ్చే నీటికి ఇదొక్కటే దారి. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకి 20,000 లీటర్ల దాకా. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకి వచ్చే ట్యాంకర్ ఐదు వేల లీటర్లది ఊహించుకోండి. అలాంటివి సెకనుకి నాలుగు, గదంత ఇరుకు సందులో కుమ్మరిస్తున్నట్టు.

కొండ లోపలే ఏటవాలుగా వెళ్లే లిఫ్టు మధ్యదాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి మెట్లెక్కి పైన ఉన్నవి చూసి, తర్వాత మెట్లు దిగుతూ కిందివి చూడాలి. లోపలికి అడుగు పెట్టగానే మాట వినపడదు. పక్కనున్నవాడి చెవిలో అరవాల్సిందే. ఇనుప కమ్మీ మీద చెయ్యి వేస్తే సన్నగా వణుకుతుంటుంది. నీళ్లు పడటం కన్నా గింగిరాలు తిరగడం ఎక్కువ. ఒకచోట నీళ్లు రాతిని గానుగలా తిప్పి తిప్పి గుండ్రంగా నునుపు చేసేశాయి. లైట్లు వేసి పెట్టారు కాబట్టి అది కనిపిస్తుంది, లేకపోతే శబ్దమే. నీటితో పాటు ఏటా వేల టన్నుల రాళ్లూ ఇసుకా కొట్టుకొస్తాయట. ఆ మోతలో రాళ్ల చప్పుడు కూడా కలిసి ఉంటుంది.

మెట్లు ఎప్పుడూ తడే. లోపల చలి, బయట 28 డిగ్రీలున్నా. జాకెట్ లేకుండా టీషర్ట్‌తో వెళ్లినవాళ్లు ఐదో జలపాతం దాటకముందే "చాల్లే పోదాం" అంటారు. నాలుగేళ్లలోపు పిల్లల్ని, కుక్కల్ని రానివ్వరు.

జలపాతం కింద స్నానం చెయ్యొచ్చా?

తెలుగువాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. జలపాతమంటే మనకి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లే చోటు కదా. ఇక్కడ కుదరదు. ష్టౌబ్‌బాఖ్ కింద మడుగు లేదు, పైనుంచి రాళ్లు రాలొచ్చు. ట్రుమెల్‌బాఖ్‌లోకి దిగే ప్రసక్తే లేదు. ల్యూచినె ఏరు ఒడ్డున మోకాలిలోతు కనిపిస్తుంది కానీ వేగం చూడండి. రంగు పల్చటి మజ్జిగలా ఉంటుంది, ఎందుకంటే హిమానీనదం కింద నలిగిన రాతిపొడి కలిసి ఉంటుంది. అడుగు కనిపించదు. చెయ్యి పెట్టి మనసులో పది లెక్కపెట్టండి. ఆరుకో ఏడుకో వేళ్లు జివ్వుమని లాగి, చెయ్యి దానంతటదే బయటికొస్తుంది. అందులో మనిషి పడితే ఈత వచ్చినా కాళ్లూ చేతులూ కొంకర్లు పోతాయి. ఏటా కుంతాల దగ్గర సెల్ఫీల కోసం దిగి పోయినవాళ్ల వార్తలు చదువుతూనే ఉంటాం. అక్కడి నీళ్లు కనీసం వెచ్చగా ఉంటాయి.

స్నానం చెయ్యాలనే ఉంటే సాయంత్రం ఇంటర్లాకెన్ దగ్గర సరస్సు ఒడ్డుకి వెళ్లండి. అదీ చల్లగానే ఉంటుంది, కానీ నిలకడ నీరు.

వాన పడితే ట్రిప్ క్యాన్సిల్ చేసుకోవాలా?

మామూలు ముసురుకి అక్కర్లేదు. పైన శిఖరాలు కనిపించవు, అంతే. జలపాతాలకి వానే కదా కూడు. లోయలో మబ్బులు సగం గోడ దాకా దిగి ఉంటే నీళ్లు ఏకంగా మేఘంలోంచి పడుతున్నట్టుంటుంది. ట్రుమెల్‌బాఖ్‌కి వానతో పనే లేదు, ఎలాగూ కొండలోపలే.

పిడుగులతో వచ్చే వేసవి తుఫాను వేరు. వేడి రోజుల్లో సాయంత్రం నాలుగు తర్వాత ఒక్కసారిగా కమ్ముతుంది. మీ నెత్తిన చుక్క పడకపోయినా పైన కురిస్తే వాగు నిమిషాల్లో పొంగుతుంది. 1999 జూలై 27న ఇంటర్లాకెన్ దగ్గరే సాక్సెట్‌బాఖ్ అనే వాగులో సరిగ్గా ఇలాగే జరిగింది. కాన్యనింగ్‌కి, అంటే ఇరుకు వాగు వెంట దూకుతూ ఈదుతూ దిగే సాహస క్రీడకి వెళ్లిన యువతీయువకులూ, గైడ్లూ కలిపి 21 మంది వరదలో కొట్టుకుపోయారు. కాబట్టి ఉరుము వినపడితే వాగులో రాళ్ల మీద కూర్చుని ఫోటోలు దిగుతున్నవాళ్లు లేచి గట్టెక్కండి. నీటిరంగు ఉన్నట్టుండి మట్టిగా మారినా అంతే. ఎమర్జెన్సీకి 112, అంబులెన్స్‌కి 144.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా. ఆల్ప్స్‌లో పెద్దవాళ్లకి ఇంతకన్నా సుఖమైన చోటు నాకు తెలియదు. ష్టౌబ్‌బాఖ్ ఊళ్లోంచే కనిపిస్తుంది, బెంచీ మీద కూర్చుని చూడొచ్చు. లోయ పొడుగునా బస్సు ఉంది. ట్రుమెల్‌బాఖ్ ఒక్కటే ఆలోచించుకోవాలి. లిఫ్టు ఉందని సంబరపడి తీసుకెళ్లకండి, లిఫ్టు దిగాక కూడా మెట్లు చాలానే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి దిగడమే కష్టం. మా స్నేహితుడి అమ్మగారు బయట కాఫీ తాగుతూ కూర్చుని, "మీరు చూసి రండ్రా, నాకిక్కడ ఆవులు చాలు" అన్నారు. ఆ రోజు అందరికన్నా హాయిగా గడిపింది ఆవిడే.

చీర కట్టుకుంటే కుచ్చిళ్లు తడుస్తాయి. పంజాబీ డ్రెస్సూ బూట్లూ మేలు.

ఏం వేసుకోవాలి?

పట్టున్న బూట్లు, పల్చటి వాన జాకెట్, ఇంకో జత సాక్సులు. ఆ సాక్సుల్ని ఎవరూ తెచ్చుకోరు, తిరుగు రైల్లో అందరూ వాటి గురించే మాట్లాడుకుంటారు. ఫోన్‌కి జిప్ కవర్. గొడుగు ట్రుమెల్‌బాఖ్‌లో పనికిరాదు, దారి ఇరుకు.

తిండి సంగతి?

ఇంటి నుంచి తెచ్చుకోండి. హోటల్లో ఒక ప్లేటు పాస్తా పాతిక ఫ్రాంకులకి పైమాటే, కారం తగలదు. పులిహోర, చపాతీ రోల్స్, కోడిగుడ్డు వేపుడు పెట్టిన బ్రెడ్. పెరుగన్నం కూడా తేవచ్చు, చలి దేశం కాబట్టి మధ్యాహ్నానికి పులవదు. ఆవకాయ మూత గట్టిగా బిగించండి. నా బ్యాగు లోపలి జిప్పు పక్కన ఇప్పటికీ ఒక ఎర్ర మరక ఉంది.

నీళ్ల బాటిళ్లు కొనకండి. ఊళ్లో చెక్కతొట్టెల్లోకి ధారగా పడే కుళాయిల నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. తాగకూడనిదైతే 'కైన్ ట్రింక్‌వాసర్' అని బోర్డు పెడతారు. ఆదివారాలు స్విట్జర్లాండ్‌లో ఎక్కువ దుకాణాలు మూసేస్తారు, కావాల్సినవి శనివారమే కొనిపెట్టుకోండి.

ఆ పచ్చగడ్డిలో ఫోటోలు దిగొచ్చా? డ్రోన్?

గడ్డిలోకి దిగకండి. చూడ్డానికి పార్కులా ఉంటుంది కానీ అది పంట. చలికాలమంతా ఆవులకి పెట్టే మేత అదే. తొక్కిన గడ్డి నేలకి అతుక్కుపోయి కోతకి రాదు. మన వరిచేలో ఎవడో పట్నం నుంచొచ్చి పడుకుని రీల్ తీసుకుంటే ఎలా ఉంటుంది? దారి మీద నుంచే బోలెడు మంచి ఫోటోలొస్తాయి.

డ్రోన్ ఇంట్లో పెట్టి రండి. ఆ లోయ గాల్లో హెలికాప్టర్లు, పారాగ్లైడర్లు, గోడ అంచు మీంచి దూకేవాళ్లు తిరుగుతుంటారు. అవును, దూకేవాళ్లే. బేస్ జంపింగ్‌కి ప్రపంచంలో పేరున్న చోటు ఇది, ఇక్కడ చట్టబద్ధం కూడా. నడుస్తుంటే పైనుంచి గుడ్డ చిరిగినట్టు చప్పుడొస్తుంది, తలెత్తేలోపు పారాచ్యూట్ విచ్చుకుంటుంది. మొదటిసారి నాకు గుండె ఆగినంత పనైంది.

దారిలో ఎదురైన ఊరివాళ్లకి 'గ్రూఎస్సెఖ్' అనండి. బెర్న్ వైపు నమస్కారం అదే. జ్యూరిక్‌లోలా 'గ్రూయెత్సి' అన్నా ఏమనుకోరు, కానీ ఇది అంటే మొహం విప్పారుతుంది.

అదే రోజు యుంగ్‌ఫ్రౌయోఖ్ కూడా చూసేద్దామా?

వద్దు. అది కొండ మీద 3,454 మీటర్ల ఎత్తులో ఉన్న రైలు స్టేషన్, రానుపోను టికెట్ పూర్తి ధర రెండొందల ఫ్రాంకులు దాటుతుంది, దానికే రోజు పోతుంది. రెండూ కలిపితే రైలు సీట్లు తప్ప ఏమీ గుర్తుండవు. సమయం మిగిలితే మ్యూరెన్ ఊరికి ఎక్కండి. 1,638 మీటర్ల ఎత్తులో గోడ అంచున ఉంటుంది, కార్లు లేవు, మూడు శిఖరాలూ ఎదురుగా నిలబడతాయి.

తిరుగు రైలు ఎన్నింటికి ఎక్కాలి?

వేసవిలో చీకటి పడేది తొమ్మిదిన్నరకి కాబట్టి తొందరేమీ లేదు. కాకపోతే సాయంత్రం ఐదు, ఆరు మధ్య పైనుంచి దిగే జనమంతా ఒకేసారి స్టేషన్‌కి వస్తారు, సీటు దొరకదు. నేనైతే ఏడు దాకా ఆగుతాను. అప్పటికి టూరు బస్సులు వెళ్లిపోయి ఉంటాయి, లోయ అడుగున నీడ పడి, పైన యుంగ్‌ఫ్రౌ మీద మాత్రం ఇంకా ఎండ ఉంటుంది. మిగిలిన పులిహోర అప్పుడు తినండి. ఇంటర్లాకెన్ వైపు వెళ్లేటప్పుడు ఏ పెట్టె ఎక్కినా ఫర్వాలేదు. ట్స్వైల్యూచినెన్‌లో రెండు రైళ్లూ మళ్లీ కలుస్తాయి.